ఇసుక దిబ్బల సీజన్ మొదలయ్యేలోపు: పాత స్పోర్ట్ ఏటీవీకి వేరే పానాల డబ్బా బిగిస్తున్నారా?

దక్షిణ కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ ఇసుక దిబ్బల్లో ఏటీవీ, అంటే లావు టైర్లతో రోడ్డు లేనిచోట నడిచే నాలుగు చక్రాల బండి, తిప్పాలంటే అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ కావాలి. శాన్ డియాగో, ఫీనిక్స్ వైపు ఉండే మనవాళ్ళలో ఈ సరదా ఉన్నవాళ్ళు గరాజుల్లోంచి బళ్ళు బయటికి లాగేది అందుకు ముందు వారాల్లోనే. ఎక్కువమంది దగ్గర ఉండేవి సెకండ్‌హ్యాండ్ బళ్ళు. 1999లో వచ్చిన హోండా 400ఈఎక్స్, అంతకంటే పాతవైన యమహా వారియర్, బాన్షీ లాంటివి. ఇంజన్ బాగానే ఉంటుంది, టైర్లూ కొత్తవి వేయించి ఉంటారు. లేనిది కంపెనీ ఇచ్చిన పానాల డబ్బా. కొన్ని మోడళ్ళకి అది చిన్న ప్లాస్టిక్ డబ్బా, కొన్నింటికి రబ్బరు పట్టీతో కట్టిన సంచి. ఇరవయ్యేళ్ళలో నలుగురు ఓనర్లు మారేసరికి మూత ఒకచోట, పట్టీ ఒకచోట పోయుంటాయి. దాంతో దొరికిన డబ్బా ఏదో తెచ్చి, వెనక ఫెండర్ (టైరు పైన ఉండే ప్లాస్టిక్ కప్పు) మీద నాలుగు బోల్టులు వేసి బిగించేస్తారు.

ఆ నాలుగు బోల్టులు వేసేముందు ఇది ఒక్కసారి చదవండి. డబ్బా చిన్నదే. కానీ దాన్ని తప్పుచోట పెడితే దెబ్బ తగిలేది మన వెన్నుకి.

అక్కడ ఉన్నది ఖాళీ జాగా కాదు

పొలం పనులకి వాడే ఏటీవీకి ముందూ వెనకా ఇనప రాక్‌లు ఉంటాయి, దాన్ని బరువు మోయడానికే కట్టారు. స్పోర్ట్ ఏటీవీకి రాక్ ఉండదు. సీటు పొడుగ్గా, చదునుగా, వెనక ఫెండర్ దాకా సాగి ఉంటుంది. చూడగానే ఇంకో మనిషికో, ఒక డబ్బాకో చోటున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ పొడుగంతా ఒక్క మనిషి కోసమే. దిబ్బ ఎక్కేటప్పుడు ముందుకి జరిగి హ్యాండిల్ మీదికి వంగాలి, దిగేటప్పుడు నడుము బాగా వెనక్కి జరపాలి, మలుపులో ఒక పక్కకి పూర్తిగా దిగాలి. ఈ బండి బ్యాలెన్స్‌లో సగం మన ఒంటి కదలికే.

కాబట్టి డబ్బా కొనకముందే ఓ పని చేయండి. అదే సైజు అట్టపెట్టె తీసుకుని, అనుకున్న చోట టేపుతో అంటించండి. ఇంజన్ ఆపి ఉంచి, హెల్మెట్, బూట్లు, ఛాతీ గార్డు అన్నీ వేసుకుని బండెక్కండి. ఫుట్‌పెగ్గుల మీద లేచి నిలబడండి. నిటారుగా దిగుతున్నట్టు నడుముని వెళ్ళినంత మేర వెనక్కి తీసుకెళ్ళండి. రెండు పక్కలకీ వంగండి. ఎక్కడైనా అట్టపెట్టె తగిలిందంటే ఆ చోటు పనికిరాదు. "కొంచెమే కదా తగిలేది" అని సర్దుకోవద్దు. ఇసుక కొండ మీద బండి ముందుచక్రాలు లేచి వెనక్కి తిరగబడినప్పుడు మనిషి జారి పడేది ఆ డబ్బా అంచు మీదే. అక్కడ తోకఎముక ఉంటుంది, దాని పైన వెన్ను ఉంటుంది.

బరువు సంగతీ ఇక్కడే చెప్పాలి. వెనక ఇరుసు కంటే వెనక్కి పెట్టే ప్రతి కిలో, ఇరుసు మీద తూగుడుబల్లలాగా ముందుచక్రాల్ని పైకి లేపే వైపే పనిచేస్తుంది. చదును నేల మీద అది తెలియదు. ఏటవాలుగా ఉన్న దిబ్బ సగం ఎక్కాక థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఇచ్చినప్పుడు తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది తక్కువ. అందుకే డబ్బా ఎంత చిన్నదైతే అంత మంచిది, ఎంత కిందికి, ఎంత ముందుకి, ఎంత మధ్యకి ఉంటే అంత మంచిది. సామానుతో కలిపి మూడు కిలోలు దాటనివ్వకూడదని నేను పెట్టుకున్న లెక్క. సైన్యం తూటాలు పెట్టే ఇనప డబ్బాలు ఇక్కడ చవగ్గా దొరుకుతాయి, చాలామంది అవే బిగిస్తారు. గట్టివే, కాదనను. కానీ చిన్న సైజుది కూడా ఖాళీగానే రెండు కిలోలకి దగ్గరగా తూగుతుంది, మూలలు పదునుగా ఉంటాయి. స్పోర్ట్ బండికి అది వద్దనే నా సలహా. మూలలు గుండ్రంగా ఉన్న చిన్న ప్లాస్టిక్ కేసు, లేకపోతే మందపాటి గుడ్డతో కుట్టిన సంచీ మేలు. ఇంకా చెప్పాలంటే సంచీయే మొదటి ఎంపిక. మనిషి దాని మీద పడినా అది కొంత అణుగుతుంది.

డబ్బా వద్దని పానాలు వీపుకి తగిలించుకునే బ్యాగులో వేసుకోవడం దానికంటే ప్రమాదం. వెల్లకిలా పడినప్పుడు ఆ స్పానర్లు నేలకీ వెన్నుకీ మధ్య ఇరుక్కుంటాయి.

డబ్బా వచ్చాక దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని క్యాంపులో ఒక రౌండు తిప్పడం కూడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఈ బళ్ళు ఒక్కరికే తయారుచేసినవి. ఇద్దరి కోసం చేయని ఏటీవీ మీద రెండో మనిషిని ఎక్కించుకోవడం కాలిఫోర్నియా చట్టం ప్రకారం కూడా తప్పే.

వేడి, టైరు, కేబుళ్ళు

400ఈఎక్స్‌కి సైలెన్సర్ కుడివైపు వెనక్కి వస్తుంది. బాన్షీకి రెండు సిలిండర్లు, రెండు గొట్టాలు. మీ బండికి ఎటుందో చూసి డబ్బాని అవతలి వైపుకో, మధ్యకో జరపండి. నిలబెట్టిన బండి దగ్గర చెయ్యి పెట్టి "పర్వాలేదు, అంత వేడిగా లేదు" అనుకోవద్దు. దిబ్బల్లో తక్కువ స్పీడులో ఎక్కువ థ్రాటిల్ మీద నడిపినప్పుడు గాలి తగలదు, సైలెన్సర్ బాగా కాలిపోతుంది. పంక్చర్‌కి వాడే కార్బన్ డయాక్సైడ్ చిన్న సిలిండర్లు, చైను స్ప్రే డబ్బాలు లోపల పెట్టుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 49 సెల్సియస్ దాటనివ్వకూడదని ఇలాంటివాటి మీద మామూలుగా రాసే ఉంటుంది. ఎండలో నల్ల డబ్బాకి ఆ వేడి సైలెన్సర్ లేకుండానే వస్తుంది. అందుకే నేను చేతిపంపు పెట్టుకుంటున్నాను.

టైరు సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. మొదటిసారి నా 400ఈఎక్స్‌కి డబ్బా బిగించినప్పుడు బోల్టు తలలు డబ్బా లోపల ఉంచి, నట్లు ఫెండర్ కిందికి పెట్టాను. గరాజులో చూస్తే టైరుకీ బోల్టు చివరకీ మధ్య బోలెడు దూరం ఉంది. దిబ్బ మీద నుంచి గట్టిగా కిందికి దిగినప్పుడు సస్పెన్షన్ పూర్తిగా అణిగి, 20 అంగుళాల వెనక టైరు ఫెండర్ దాకా వచ్చింది. క్యాంపుకి వచ్చి చూసుకుంటే టైరు మీద బోల్టు మరలు గీసిన గాడి ఉంది. ఇంకాస్త లోతుగా దిగి ఉంటే ఆ స్పీడులో వెనక టైరు పోయేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి రెండు పద్ధతులు పాటిస్తున్నాను. ఒకటి, గుండ్రటి తల ఉన్న బోల్టుని కింద నుంచి పైకి ఎక్కించి, నట్టూ మరలూ డబ్బా లోపల ఉండేలా పెట్టడం. మరల చివర మీద మూసి ఉండే డోమ్ నట్టు వేస్తే లోపల చెయ్యి కూడా గీసుకోదు. రెండోది పిండిముద్ద పరీక్ష. ఫెండర్ అడుగున బోల్టు తలల మీద రెండంగుళాల మందాన పూరీ పిండి ముద్దలు గానీ, పిల్లలు ఆడుకునే బంకమట్టి గానీ అంటించి, క్యాంపు దగ్గరే చిన్న గుంతల మీద నెమ్మదిగా, తర్వాత కాస్త గట్టిగా నడపండి. ముద్ద మీద టైరు అచ్చు పడితే డబ్బా చోటు మార్చాల్సిందే. పని తెలిసినవాళ్ళు ఇంకా పక్కాగా చేయొచ్చు. బండి ఫ్రేముని స్టాండ్ల మీద నిలబెట్టి, వెనక షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీసి, ఇరుసుని జాకీతో మెల్లగా పైకి ఎత్తి చూడాలి. షాక్ ఉన్నప్పటి కంటే అది కాస్త ఎక్కువ పైకే వస్తుంది, కాబట్టి అక్కడ తగలకపోతే దిబ్బల్లోనూ తగలదు. ఫ్రేము కింద గట్టి స్టాండ్లు లేకుండా, జాకీ ఒక్కదాన్నే నమ్మి ఈ పని మాత్రం చేయొద్దు.

వెనక చోటు లేదని కొందరు హ్యాండిల్ ముందు సంచీ కడతారు. ముందువైపు బరువుంటే దిబ్బ ఎక్కేటప్పుడు మంచిదే. కానీ అక్కడ థ్రాటిల్ కేబులు, బ్రేకు గొట్టం, క్లచ్ కేబులు ఉంటాయి. సంచీ కట్టాక హ్యాండిల్‌ని ఇటు చివర నుంచి అటు చివరకి తిప్పుతూ, ప్రతిచోటా థ్రాటిల్ నొక్కి వదలండి. బొటనవేలు తీయగానే లివర్ టప్‌మని వెనక్కి రావాలి. రాకపోయినా, నెమ్మదిగా వచ్చినా ఆ సంచీ అక్కడ ఉండకూడదు. థ్రాటిల్ పట్టేసిన ఏటీవీ కంటే భయంకరమైనది ఇంకోటి లేదు.

వెనక లైటునీ, జెండా కర్రనీ డబ్బా అడ్డుకోకుండా చూసుకోండి. దిబ్బ అవతలి నుంచి వచ్చేవాడికి మనం ముందుగా కనపడేది ఆ జెండాతోనే. ఇంపీరియల్ దిబ్బల్లో అది తప్పనిసరి, నేల నుంచి 8 అడుగుల ఎత్తుండాలి.

పాత ప్లాస్టిక్‌కి రంధ్రం వేయడం

ఎండకి ఏళ్ళ తరబడి నిలిచిన ఫెండర్ పెళుసెక్కి ఉంటుంది. రంగు పాలిపోయి, గోరుతో గీస్తే తెల్లటి పొడి వస్తుంటే దాన్ని నమ్మొద్దు. అలాంటి ఫెండర్‌కి డబ్బా బిగిస్తే బోల్టు ఊడదు, బోల్టు చుట్టూ ఉన్న ముక్కే ఊడి వస్తుంది. అప్పుడు వెనక గ్రాబ్ బార్‌కి (బండిని పట్టుకుని ఎత్తే ఇనప కడ్డీకి) రబ్బరు వేసిన క్లాంపులతో సంచీ కట్టుకోవడం మేలు. ఫ్రేముకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రంధ్రం వేయకండి, వెల్డింగ్ పెట్టించకండి.

ఫెండర్ గట్టిగానే ఉందనుకుంటే, సీటు తీసి ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. మళ్ళీ తగిలించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ ఆఖరున. ఫెండర్ అడుగున చెయ్యి పెట్టి తడిమి చూడండి. వెనక లైటు వైర్లు అక్కడినుంచే వెళ్తాయి, కొన్ని బళ్ళలో బ్రేకు ఆయిల్ డబ్బా కూడా దగ్గర్లోనే ఉంటుంది. రంధ్రం పడే చోట అడుగున చెక్కముక్క ఆనించి, డ్రిల్లు బిట్టుకి లోతు గుర్తుగా టేపు చుట్టి, తక్కువ స్పీడులో వేయండి. అంచుల్ని ఆకురాయితో నున్నగా చేయాలి, ఎందుకంటే ప్లాస్టిక్ పగులు మొదలయ్యేది గరుకు అంచు నుంచే. ఇదివరకే చిన్న పగులుంటే దాని చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది సాగడం చాలావరకు ఆగుతుంది. జిగురు, రెండువైపులా అంటుకునే టేపు మీద ఆధారపడొద్దు. ఫెండర్లకి మామూలుగా వాడే ప్లాస్టిక్‌కి మామూలు జిగురేదీ సరిగ్గా పట్టదు.

6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టులు నాలుగు చాలు. రెండువైపులా రూపాయి బిళ్ళ కంటే పెద్ద వాషర్లు, ఫెండర్‌కీ డబ్బాకీ మధ్య రబ్బరు ముక్కలు వేయాలి. నట్టు మాత్రం, డోమ్ నట్టు అయినా సరే, నైలాన్ లాక్ ఉన్నదే వాడండి. విప్పిన ప్రతిసారీ కొత్తది వేయండి, పాతదాని పట్టు సడలిపోతుంది. ప్లాస్టిక్ నొక్కుకుపోయేంత బిగించొద్దు. జపాన్ బళ్ళ ప్లస్ స్క్రూలకి ఇక్కడి మామూలు స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదు, జపాన్ కొలత స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కుంటే తలలు అరిగిపోవు.

లోపల ఏం పెట్టాలి

మీ బండికి నిజంగా వాడే పానాలే పెట్టండి. హోండా అయితే 8, 10, 12, 14, 17 మిల్లీమీటర్ల సైజులతో చాలా పని నడుస్తుంది. స్పార్క్ ప్లగ్గు పానా, ఒక కొత్త ప్లగ్గు, టైరు ప్లగ్ కిట్టు, చేతిపంపు, తెగిన చైను కలిపే మాస్టర్ లింకు, నాలుగు జిప్ టైలు, కాస్త వైరు కూడా ఉండాలి. గాలి చూసే గేజి తక్కువ ఒత్తిడిది కావాలి. ఈ టైర్లలో ఉండేది దాదాపు 4, 5 పీఎస్ఐ మాత్రమే, కారు గేజి అది చూపించదు. అన్నీ ఒక గుడ్డలో చుట్టి కట్టండి. గలగలలాడే ఇనుము రోజంతా డబ్బాని లోపలి నుంచి గుద్దుతూనే ఉంటుంది. పెట్రోలు సీసా మాత్రం ఎంత చిన్నదైనా వద్దు.

డబ్బా అడుగున నీళ్ళు పోయేందుకు చిన్న రంధ్రం ఉంచండి. మూత బకిల్ ఎంత గట్టిదైనా పైనుంచి ఒక పట్టీ వేయండి. మూత తెరుచుకుని పానా కింద పడితే అది మన వెనక వచ్చేవాడి ముందుచక్రం కిందికి వెళ్తుంది.

మొదటి రోజు అరగంట తిరిగి వచ్చి నాలుగు బోల్టులూ చేత్తో కదిపి చూడండి, ఫెండర్‌లో కొత్త పగులు ఏమైనా వచ్చిందేమో టార్చి వేసి చూడండి, టైరు మీద గీత ఉందేమో చెయ్యి పెట్టి తడమండి. ఏ ఒక్కటి తేడాగా కనిపించినా డబ్బా ఊడదీసి ట్రక్కులో పడేయండి. ఆ రోజుకి క్యాంపు కనిపించేంత దూరంలోనే, పానాలున్న ఇంకో బండి పక్కనే తిరగండి.