చలికాలం రాకముందే మీ గెక్కోని తూకం వేయండి

మా ఇంట్లో ఉన్నది లెపర్డ్ గెక్కో అనే పెంపుడు బల్లి. పేరు బెల్లం. పసుపు ఒంటి మీద నల్లచుక్కలు చూస్తే బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు ఉందని మా అబ్బాయి ఆ పేరు పెట్టాడు. విజయవాడ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి వచ్చిన అమ్మ దాన్ని చూసి, "ఒరేయ్, బల్లిని డబ్బిచ్చి కొన్నారా? మనింట్లో ట్యూబ్‌లైట్ వెనకాల ఊరికే ఉండేవి కదరా" అంది. మీద పడితే తలస్నానం చేయాలని కోడలికి జాగ్రత్త కూడా చెప్పింది. నిజానికి ఇది మీద పడే రకం కాదు. కాళ్లకి అతుక్కునే మెత్తలు లేవు కాబట్టి గోడలెక్కలేదు. అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్ వైపు ఎండు రాతినేలల్లో తిరిగే జీవి.

దానికి చలి కాలం ఎంత ప్రమాదమో మాకు మొదటి ఏడాదే తెలిసొచ్చింది. డిసెంబర్‌లో బెల్లం పురుగుల్ని చూసి తల తిప్పేసుకోవడం మొదలుపెట్టింది. చలికాలంలో ఇవి తిండి తగ్గిస్తాయని అప్పటికే చదివి ఉన్నాం, సరేలే అనుకున్నాం. జనవరిలో ఒకరోజు పురుగు తిని మర్నాడు దాన్ని అలాగే కక్కేసింది. అరగలేదు, రంగు కూడా మారలేదు. అప్పుడు తూకం వేస్తే 54 గ్రాములు. సెప్టెంబర్‌లో 62 ఉండేది. చిటికెన వేలంత లావుండే తోక పెన్సిల్‌లా అయింది. అది ఉండే ట్యాంక్ కింద చెయ్యి పెట్టి చూస్తే, వెచ్చదనం ఇవ్వాల్సిన హీట్ మ్యాట్ చల్లగా ఉంది. ఎప్పుడు పాడైందో కూడా తెలీదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రెట్ట పరీక్షలో నులిపురుగులు కూడా బయటపడ్డాయి. మందు వేసి, మ్యాట్ మార్చాక మళ్లీ 60 దాటడానికి మే నెల వచ్చింది.

అందుకే ఇప్పుడు అక్టోబర్ వచ్చిందంటే మా ఇంట్లో మొదటి పని తూకం. చలికి తిండి తగ్గించిన గెక్కోకి, జబ్బుతో చిక్కిపోతున్న గెక్కోకి పైకి తేడా కనపడదు. రెండూ మూలన పడుకుంటాయి, రెండూ పురుగు వద్దంటాయి. అయితే ఆరోగ్యంగా ఉన్నది నెల రోజులు సరిగ్గా తినకపోయినా బరువు పెద్దగా తగ్గదు, రెట్ట మామూలుగానే వేస్తుంది. జబ్బు పడినది వారం వారం తగ్గుతూ పోతుంది. ఆ తేడా పట్టిచ్చేది స్కేలే, మన కన్ను కాదు. రోజూ చూసే మనిషి సన్నబడినా మనకి తెలీదు కదా, ఇదీ అంతే.

గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ స్కేల్ చాలు. వంటింట్లో పిండి తూచేది మాత్రం వద్దు, దీనికి విడిగా ఒకటి కొనండి. ఖాళీ పెరుగు డబ్బా పెట్టి సున్నా చేసి, గెక్కోని అందులో దింపండి. తోక పట్టుకుని ఎత్తకండి. బెదిరితే తోక వదిలేస్తుంది. దాచుకున్న కొవ్వు ఎక్కువగా ఉండేది ఆ తోకలోనే, చలికాలం ముందు అది పోతే కోలుకోవడం కష్టం. వారానికోసారి, ఒకే రోజు, తిండి పెట్టకముందు తూచి కాగితం మీద రాయండి. పెద్దవి ఎక్కువగా 45 నుంచి 80 గ్రాముల మధ్య ఉంటాయి. పక్కింటి వాళ్ల గెక్కో ఎంత ఉందన్నది మనకి అనవసరం, మన దాని పాత అంకెతోనే పోల్చాలి. అందులో పదో వంతు తగ్గితే, అంటే 60 ఉండేది 54కి వస్తే, ఇక ఇంటర్నెట్‌లో వెతకడం ఆపి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

రెండోది వేడి. దీని ఒంట్లో సొంత వేడి పుట్టదు. పొట్ట కింద వెచ్చగా ఉంటేనే తిన్నది అరుగుతుంది, లేకపోతే కడుపులోనే కుళ్లుతుంది. వెచ్చని వైపు నేల 88 నుంచి 92 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, అంటే సుమారు 31 నుంచి 33 సెల్సియస్. చల్లని వైపు 75 ఫారన్‌హీట్ చుట్టుపక్కల ఉంటే చాలు. గోడకి అంటించే గుండ్రటి మీటర్లని నమ్మకండి, అవి గాలి వేడి చూపిస్తాయి, అదీ తప్పుగా. టెంపరేచర్ గన్‌తో నేల మీదే కొలవండి. మ్యాట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ప్రోబ్ (వేడి కొలిచే తీగ కొస) జరిగిపోయిందేమో ప్రతి వారం చూడండి. హీట్ మ్యాట్ ఇంకొకటి కొని అల్మారాలో పెట్టుకోండి. డిసెంబర్ చలిలో ఉన్నట్టుండి అది ఆగిపోతే ఆ రాత్రికి ఎక్కడికని పరిగెడతాం? వేడి కోసం అమ్మే ఎలక్ట్రిక్ రాళ్లు మాత్రం కొనకండి, పొట్ట కాలుతుంది.

తిండి గురించి కొంచెమే చెబుతాను. దాని రెండు కళ్ల మధ్య ఉన్న దూరం కంటే పెద్ద పురుగు వేయకండి. తినగా మిగిలిన క్రికెట్ పురుగుల్ని (కీచురాళ్లని) రాత్రికల్లా తీసేయండి, నీరసంగా ఉన్న గెక్కోని అవే కొరుకుతాయి. వ్యాక్స్‌వార్మ్స్ అనే పురుగులు మన పిల్లలకి చిప్స్ లాంటివి, రుచి మరిగితే వేరేది ముట్టదు. ట్యాంక్‌లో ఇసుక ఉంటే చలికాలం ముందే తీసేసి పేపర్ టవల్ వేయండి. చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ ఇసుక మింగి పేగు మూసుకుపోయే టెన్షన్ ఉండదు, పైగా రెట్ట శుభ్రంగా కనపడుతుంది.

ఆ రెట్టని రోజూ చూడాల్సిందే. ముదురు గోధుమ రంగులో గట్టిగా ఉండి, పక్కన తెల్లటి ముక్క ఉంటే మామూలే. నీళ్లలా ఉన్నా, జిగురు, రక్తం, అరగని పురుగు కనపడినా, విపరీతమైన వాసన వస్తున్నా ఫోటో తీసి పెట్టుకోండి. చలికాలం ముందు ఒకసారి పరీక్ష చేయించడం మేలు. తాజా రెట్టని చిన్న డబ్బాలో మూత పెట్టి, జిప్‌లాక్‌లో వేసి, తిండి లేని ఫ్రిజ్‌లో ఉంచి ఒక రోజులోపు అందించండి. కుక్కలకీ పిల్లులకీ చూసే క్లినిక్‌లో చాలాసార్లు వీటిని చూడరు. ఇలాంటి అరుదైన పెంపుడు జీవుల్ని చూసే డాక్టర్, అంటే ఎగ్జాటిక్ వెట్ కావాలి. సరీసృపాలు, ఉభయచరాల వైద్యుల సంఘం ఏఆర్ఏవీ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొట్టి వెతకొచ్చు. జబ్బు చేశాక వెతికితే వారాల తర్వాతి తేదీ ఇస్తారు, అందుకని ముందే ఒకసారి చూపించి ఫైల్ తెరిపించుకోండి.

నులిపురుగులైతే మందుతో పోతాయి. అసలు భయపడాల్సింది క్రిప్టో. పూర్తి పేరు క్రిప్టోస్పోరిడియం, ఇదొక పరాన్నజీవి, గెక్కోలకి ఎక్కువగా వచ్చేది వరానై అనే రకం. చిన్నపేగు గోడకి పట్టుకుంటుంది. గెక్కో తింటూనే ఉంటుంది, అయినా తోక పుల్లలా అయిపోతుంది. ఒకసారి పరీక్షలో లేదని వచ్చినంత మాత్రాన లేనట్టు కాదు, అది రెట్టలో ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. పీసీఆర్ పరీక్ష కొన్ని వారాల తేడాతో మళ్లీ చేయించాలి. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు, ఉన్నవి తీవ్రతని తగ్గిస్తాయంతే. బాగా ముదిరిపోతే బాధ లేకుండా సాగనంపడమే మంచిదని డాక్టర్ చెప్పొచ్చు, ఆ మాట వినడానికి సిద్ధంగా ఉండాలి. మామూలు బ్లీచ్‌కి ఇది చావదు. ఆవిరి మెషిన్ వేడికి గానీ, గాఢమైన అమ్మోనియాకి గానీ చస్తుంది. అమ్మోనియాని, బ్లీచ్‌ని ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. కర్ర ముక్కలు, చెక్క గూళ్లు కడగబోకండి, పారేయండి. కొత్త గెక్కో తెస్తే 90 రోజులు వేరే గదిలో, తిండి పెట్టడానికి వేరే పటకారుతో పెంచండి. ఒక ట్యాంక్‌లో మిగిలిన పురుగుని ఇంకో ట్యాంక్‌లో వేయడం మనకి పొదుపుగా కనిపిస్తుంది, జబ్బుకి అదే దారి.

కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 16వ తేదీన డల్లాస్‌లో సున్నాకి రెండు డిగ్రీలు కిందకి పోయింది, అదీ ఫారన్‌హీట్‌లో. మంచు తుపాను హెచ్చరిక వినగానే తిండి ఆపేయండి. బొద్దుగా ఉన్న పెద్ద గెక్కో నాలుగు రోజులు పస్తున్నా ఏమీ కాదు, నిండు కడుపుతో చల్లబడితేనే ముప్పు. గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలో గుడ్డ వేసి దాన్ని పెట్టి, ఆ డబ్బాని ఐస్‌బాక్స్‌లో ఉంచండి. పక్కన తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టండి. ఐస్‌బాక్స్ మూత బిగించకండి. ఇల్లు వెచ్చబడుతుందని గ్యాస్ పొయ్యి వెలిగించి వదిలేయకండి, కార్బన్ మోనాక్సైడ్ గెక్కోనే కాదు, మనల్నీ చంపుతుంది.

గెక్కోకి ఒంట్లో బాగోనప్పుడు మన చేతులు ఊరుకోవు. అమ్మ వాము నీళ్లు పట్టమంది. ఇంకొకరు ఆముదం చుక్క అన్నారు. ఏదీ వద్దు. నోరు బలవంతంగా తెరిచి పురుగులు కుక్కడమూ వద్దు, బక్కచిక్కినదానికి ఒక్కసారిగా తిండి ఎక్కితే అదే ప్రమాదం. డాక్టర్ చూసేదాకా చేయగలిగింది వేడి సరిచేయడం, నీళ్లు అందుబాటులో ఉంచడం, లోతు లేని గోరువెచ్చని నీళ్లలో దగ్గరుండి పదిహేను నిమిషాలు నిలబెట్టడం. కుక్కల నులిపురుగుల మందు అంచనాగా వేయకండి, గ్రాముల్లో ఉన్న ప్రాణానికి చుక్క ఎక్కువైనా కష్టమే.

దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. ఆరోగ్యంగా ఉన్న గెక్కో రెట్టలో కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకండి. ఐదేళ్లలోపు పిల్లలున్నా, పెద్దవాళ్లున్నా ఇంకా జాగ్రత్త. మీద పడితే స్నానం చేయమని అమ్మ ఊరికే అనలేదేమో!

ఇక డిసెంబర్‌లో ఇండియా ప్రయాణం. మనలో చాలామంది మూడు నాలుగు వారాలు వెళ్తాం, సరిగ్గా ఆ చలిలోనే గెక్కోని ఎవరికో అప్పగిస్తాం. వాళ్లింట్లో ఇప్పటికే గెక్కోలుంటే మంచిదే కదా అనిపిస్తుంది, వాటి జబ్బు దీనికి అంటుకుంటుందేమోనని నాకైతే అదే భయం. గెక్కో లేని స్నేహితులే నయం. ట్యాంక్‌తో పాటు దాని పటకారు, దాని స్కేల్, వెళ్లేనాటి బరువు రాసిన కాగితం ఇవ్వండి. వారానికోసారి తూకం ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి. ఏ అంకెకి దిగితే డాక్టర్‌కి ఫోన్ చేయాలో ఆ కాగితం మీదే ఎర్ర పెన్నుతో రాయండి. పోయినసారి మా వాళ్లకి నేను రాసిచ్చిన అంకె 56.