తొలి స్ప్రింట్ ట్రయథ్లాన్‌కు వరంగల్‌లో సిద్ధమయ్యే తీరు

స్ప్రింట్ ట్రయథ్లాన్‌లో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైక్లింగ్, 5 కిలోమీటర్ల పరుగు వరుసగా పూర్తి చేయాలి. ఈతను శిక్షకుని సమక్షంలో, ఈతకొలనులోనే (స్విమ్మింగ్ పూల్) సాధన చేయండి. చెరువులోకి ఒంటరిగా దిగడం ఎంతమాత్రం తగదు.

కొత్తవారు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే సాధన. అప్పటిదాకా తొక్కిన కాళ్లు బరువెక్కి అడుగు కుదరదు కనుక, వారానికి ఒకసారి, ఎండ ముదరకముందే హనుమకొండ నుంచి హసన్‌పర్తి వైపు సైకిల్ తొక్కి వచ్చి, ఆగకుండా 2 కిలోమీటర్లు పరుగెత్తండి.

పోటీలో హెల్మెట్ పట్టీ బిగించాకే స్టాండు నుంచి సైకిల్ తీయాలి, తిరిగి అక్కడ నిలిపాకే పట్టీ విప్పాలి. మన ఎండల్లో దాహం వేసేదాకా ఆగకుండా, సైకిల్ మీద ఉన్నప్పుడే ఉప్పు, చక్కెర కలిపిన నీటిని కొద్దికొద్దిగా తాగండి.