ఈఎస్‌డీ గన్‌తో పరికరాన్ని పరీక్షించడం ఎలా?

ఈఎస్‌డీ గన్ అంటే స్థిరవిద్యుత్ దెబ్బను కావాలని కొట్టే సాధనం; ఎలక్ట్రానిక్ పరికరం ఆ దెబ్బను తట్టుకుంటుందో లేదో దీనితో చూస్తారు. ముందుగా నేలపై రాగిరేకు పరిచి ఎర్త్‌కు కలపండి. దానిమీద 80 సెం.మీ. ఎత్తున్న చెక్కబల్ల, బల్లపై 1.6 × 0.8 మీటర్ల లోహపు పలక, ఆపైన 0.5 మి.మీ. ఇన్సులేషన్ షీటు, అప్పుడు పరికరం. పలకను రాగిరేకుకు కలిపే తీగ రెండు చివర్లా 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. గన్ రిటర్న్ తీగ (గన్‌ను రాగిరేకుకు కలిపేది) పరికరానికి 20 సెం.మీ. కన్నా దగ్గరికి రాకూడదు, వస్తే ఫలితాన్ని నమ్మలేం.

ఈ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61000-4-2లో నాలుగో స్థాయికి లోహభాగాలపై మొన ఆనించి 8 కిలోవోల్టులు, ప్లాస్టిక్ అతుకుల దగ్గర గాలిలోంచి 15. కింది వోల్టేజీతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. ప్రతి చోటా ప్లస్, మైనస్ పదేసి దెబ్బలు, సెకను ఎడంతో.

బ్యాటరీ పరికరాల దగ్గరే చాలామంది పొరబడతారు. ఎర్త్ లేక ఛార్జ్ అందులోనే నిలిచిపోతుంది, తర్వాతి దెబ్బ అనుకున్న వోల్టేజీకి రెండింతల వరకూ తగలవచ్చు. ప్రతి దెబ్బకూ ముందు రెసిస్టర్ తీగతో ఛార్జ్ దించండి. పేస్‌మేకర్ ఉన్నవారిని మాత్రం ఆ గదిలోకి రానివ్వకండి.