ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్, వార్ ఆఫ్ ది లయన్స్: మూడో అధ్యాయం దాకా ఇరుక్కోకుండా ఎలా ఆడాలి?

1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన వంతులవారీ యుద్ధవ్యూహపు వీడియో గేమ్ ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌ని స్క్వేర్ ఎనిక్స్ 2007లో పీఎస్‌పీ (చేతిలో పట్టుకుని ఆడే సోనీ సెట్) కోసం మళ్లీ తీర్చిదిద్దింది. కొత్త అనువాదం, బొమ్మల సన్నివేశాలు, ఆనియన్ నైట్, డార్క్ నైట్ అనే రెండు కొత్త వృత్తులు అందులో చేరాయి. 2011లో ఐఫోన్‌కీ, 2015లో ఆండ్రాయిడ్‌కీ అదే వచ్చింది. 2025లో వచ్చిన ది ఐవలీస్ క్రానికల్స్‌లో మాత్రం ఆ రెండు వృత్తులూ లేవు. కింద చెప్పేదంతా పీఎస్‌పీ ఆట గురించి.

ఈ ఆటలో చాలామంది మూడో అధ్యాయం చివర వచ్చే రియోవేన్స్ కోట దగ్గర ఆగిపోతారు. వాళ్ల లెవెల్ తక్కువై కాదు. నేర్చుకోవాల్సినవి నేర్చుకోకుండా లెవెల్ మాత్రమే పెంచుకోవడం వల్ల. కాబట్టి మొదటి గంట నుంచే ఆ చివరి కోటను దృష్టిలో పెట్టుకుని ఆడాలి.

పాత పీఎస్‌పీ కొనేటప్పుడు

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పాత పీఎస్‌పీ దొరికితే ముందు వెనక మూత తీసి బ్యాటరీని చూడండి. ఉబ్బి ఉంటే ఆ బ్యాటరీ వద్దు, మూత సరిగ్గా మూసుకోకపోయినా అనుమానించాల్సిందే. కళింగపట్నం, భీమిలి లాంటి తీరపు ఊళ్లలో వాడిన సెట్ అయితే బ్యాటరీ తగిలే రేకుల మీద ఉప్పుగాలి తుప్పు ఉందేమో చూసుకోవాలి. పీఎస్‌పీ ఆటలు వచ్చే యూఎండీ డిస్కు పైన ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ ఊడిపోవడం మామూలే. లోపలి డిస్కుకి గీతలు లేకపోతే అంచుల్లో చుక్క చుక్కగా జిగురు పెట్టి బిగించుకోవచ్చు. జిగురు మాత్రం డిస్కుకి తగలకూడదు. పీఎస్‌పీ ఆటలకు ప్రాంతాల తాళం లేదు, అందుకని అమెరికా డిస్కు అయినా యూరప్ డిస్కు అయినా పనిచేస్తుంది. సేవ్ చేసుకోవడానికి మెమరీ స్టిక్ తప్పనిసరి.

మంత్రాలు వేసేటప్పుడు బొమ్మ నెమ్మదిస్తుంది. అది ఈ ఆటకున్న లోపమే కాబట్టి సెట్ పాడైందని బెంగ పడొద్దు.

పోరు మధ్యలో సేవ్ చేసే వీలు లేదు. ఒక్కో పోరు అరగంట పట్టవచ్చు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఎక్కి విశాఖ వెళ్లేలోగా రెండు మూడు పోరాటాలు అవుతాయి. దిగే స్టేషన్ వచ్చేస్తే పవర్ మీటను ఒకసారి పైకి తోసి వదిలేయండి, సెట్ నిద్రలోకి వెళ్తుంది. అలా ఉన్నప్పుడు బ్యాటరీ తీసినా, పూర్తిగా దిగిపోయినా ఆ పోరు పోయినట్టే. వేసవిలో కరెంటు పోయే వేళల్లో పెద్ద పోరు మొదలుపెట్టకపోవడమే మేలు.

మొదటి అధ్యాయం: ఎవరికి ఏం నేర్పాలి

ఆట మొదట్లో మీ దగ్గర ఉండేది స్క్వైర్లు (కొత్త యోధులు), కెమిస్టులు (మందులు వాడేవాళ్లు). ప్రతి పనికీ జేపీ (వృత్తి పాయింట్లు) వస్తుంది, దానితోనే విద్యలు కొనుక్కోవాలి. ఈ వరసలో వెళ్లండి.

1. అందరినీ ముందు స్క్వైర్ చేసి 250 జేపీతో జేపీ బూస్ట్ కొనండి. దాన్ని తగిలించుకున్నాక వచ్చే జేపీ సగం పెరుగుతుంది. ఇది ఆలస్యమైన ప్రతి పోరులో ఆ మేరకు నష్టపోతారు.

2. తర్వాత ఇద్దరు ముగ్గుర్ని కెమిస్ట్ చేసి పోషన్ (గాయం మాన్పే మందు) విద్య 30, ఫీనిక్స్ డౌన్ (నేలకూలినవాణ్ణి లేపేది) విద్య 90 జేపీ పెట్టి కొనండి. కథానాయకుడు రాంజాకి మాత్రం 400 జేపీ పోగేసి ఆటో-పోషన్ (దెబ్బ తగిలితే దానంతటదే మందు వాడే విద్య) తప్పకుండా నేర్పండి. ఎందుకో రియోవేన్స్ కోట దగ్గర తెలుస్తుంది.

3. స్క్వైర్ 2వ స్థాయికి చేరితే నైట్, ఆర్చర్ వృత్తులు, కెమిస్ట్ 2వ స్థాయికి చేరితే వైట్ మేజ్, బ్లాక్ మేజ్ (మేజ్ అంటే మాంత్రికుడు) వృత్తులు తెరుచుకుంటాయి. ఆపైన నైట్ 3తో మాంక్, ఆర్చర్ 3తో థీఫ్, బ్లాక్ మేజ్ 3తో టైమ్ మేజ్. పాత ప్లేస్టేషన్ ఆట గైడ్ చూసి ఆడేవాళ్లు ఇక్కడ తికమకపడతారు, ఎందుకంటే అందులో ఈ మూడింటికీ 2 సరిపోయేది.

ఒకరు సంపాదించిన జేపీలో నాలుగో వంతు పోరులో ఉన్న మిగతావాళ్లకీ అదే వృత్తి ఖాతాలో పడుతుంది. అందుకే ఒక వృత్తిలో ఇద్దరు కలిసి సాగితే ఇద్దరూ తొందరగా ఎదుగుతారు.

జేపీ కోసం మండాలియా మైదానంలో చివరి శత్రువు ఒక్కణ్ణే మిగిల్చి, రాళ్లు విసురుకుంటూ, ఫోకస్ అనే స్క్వైర్ విద్య వాడుతూ కాలం గడపడం పాత పద్ధతి. కాస్త చేయండి, అతి చేయొద్దు. దారిలో ఎదురయ్యే శత్రువుల లెవెల్ మీ లెవెల్‌తో పాటే పెరుగుతుంది. అంగట్లో మంచి ఆయుధాలు మాత్రం కథ ముందుకెళ్తేనే వస్తాయి. లెవెల్ 30 దాటి చేతిలో మొదటి అధ్యాయపు కత్తి ఉంటే దారిపోయే రెడ్ చోకోబో (పెద్ద ఎర్ర పక్షి) కూడా మీ జట్టుని మట్టి కరిపిస్తుంది.

పోరులో చూడాల్సినవి

ప్రతి ఒక్కరికీ సీటీ అనే లెక్క ఉంటుంది. అది వేగాన్ని బట్టి పెరిగి 100కి చేరితే వంతు వస్తుంది. వంతులో నడిచి, కొట్టి, రెండూ చేస్తే సీటీ సున్నాకి పడుతుంది. ఒక్కటే చేస్తే 20 మిగులుతుంది, ఏమీ చేయకపోతే 40. చేసే పని లేనప్పుడు ఊరికే అటూ ఇటూ నడవకుండా ఆగితే తర్వాతి వంతు ముందొస్తుంది.

వెనక నుంచి కొడితే శత్రువు డాలు, ఒడుపు రెండూ పనికిరావు. వంతు ముగిసేటప్పుడు మీవాళ్ల ముఖం ఎటు తిప్పాలో ఆట అడిగేది ఇందుకే. తొందరలో బటన్ నొక్కేయకండి.

మంత్రం దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మంత్రం పడటానికి కొంత సమయం పడుతుంది. గురి పెట్టేటప్పుడు మనిషి మీదా, గడి మీదా అని అడుగుతుంది. మనిషిని ఎంచుకుంటే మంత్రం వాడి వెంటే వెళ్తుంది. వాడు నడుచుకుంటూ మీవాళ్ల మధ్యకి వస్తే మీ మంటలో మీరే కాలతారు. గడిని ఎంచుకుంటే వాడు తప్పుకుని పోవచ్చు. అందుకే వంతుల పట్టిక తెరిచి, వాడి వంతు కన్నా ముందే మంత్రం పడుతుందంటేనే వేయండి. మంత్రం జపిస్తున్నవాడికి తగిలే కత్తిదెబ్బ కూడా ఎక్కువే, కాబట్టి మేజ్‌లను వెనక నిలపాలి. ఫెయిత్ (మంత్రాల మీద నమ్మకం చెప్పే అంకె) ఎక్కువున్న మేజ్ మంత్రం గట్టిగా పడుతుంది, కానీ వాడి మీద పడే మంత్రమూ అంతే గట్టిగా పడుతుంది.

నేలకూలినవాడి తల మీద 3 నుంచి అంకె తగ్గుతుంది. అది అయిపోయేలోగా ఫీనిక్స్ డౌన్ వేయకపోతే వాడు స్ఫటికమో పెట్టెనో అయిపోయి జట్టుకు శాశ్వతంగా దూరమవుతాడు. రాంజాకి అలా జరిగితే ఆట ముగిసినట్టే.

డోర్టర్ మురికివాడ మొదటి పెద్ద పరీక్ష. మిద్దెల మీద ఆర్చర్లు, కింద బ్లాక్ మేజ్‌లు. ఎత్తు నుంచి వేసే బాణం దూరం పోతుంది కాబట్టి మైదానంలో నిలబడి లెక్కలు వేయకండి. మొదటి రెండు వంతుల్లోనే ఇంటి గోడ చాటుకు చేరి, ఇద్దర్ని మిద్దె పైకి పంపండి. ఐదుగురూ ఒక్కచోట గుమిగూడితే ఒక్క మంత్రం అందరినీ పడగొడుతుంది.

కథలోని పేర్లు గందరగోళంగా ఉంటే మెనూలో క్రానికల్ తెరిచి ఎవరు ఎవరో చదవండి. ఇంగ్లీషు పాతకాలపుది, గట్టిగానే ఉంటుంది. అయినా 1757 నాటి బొబ్బిలి యుద్ధం కథ వింటూ పెరిగినవాళ్లకి రెండు పెద్దింటి పగలు, మధ్యలో బుస్సీ లాంటి బయటివాళ్ల చెయ్యి కొత్త కాదు. లార్గ్, గోల్టానా అనే ఇద్దరు ప్రభువుల్ని గుర్తుపెట్టుకుంటే మిగతాది అల్లుకుంటుంది.

రియోవేన్స్ కోట

మూడో అధ్యాయం చివర వరసగా మూడు పోరాటాలు. వాటి మధ్య మ్యాప్‌కి తిరిగి రాలేరు, అంగడి లేదు, జేపీ కోసం వేరే పోరు లేదు. మధ్యలో సేవ్ చేయమని ఆట అడుగుతుంది. ఉన్న ఒక్క స్లాట్ మీదే చేశారంటే, గెలవలేకపోతే ఆట మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. కోటలోకి అడుగుపెట్టే ముందు ఒక స్లాట్‌లో సేవ్ చేసి, దాన్ని ముట్టుకోకుండా, లోపల ఇంకో స్లాట్ వాడండి.

రెండో పోరులో రాంజా ఒక్కడే వీగ్రాఫ్ అనే శత్రువుతో తలపడాలి. దానికి తయారీ ఇలా.

రాంజాకి స్క్వైర్ వృత్తిలోని టెయిల్‌విండ్ నేర్పండి. అది తన మీదే వేసుకుంటే ఒక్కోసారికి వేగం 1 పెరుగుతుంది. ఆటో-పోషన్‌ని తగిలించండి. అది సంచిలో ఉన్నవాటిలో చిన్న పోషన్నే ముందు వాడుతుంది కాబట్టి, మామూలు పోషన్లన్నీ అమ్మేసి హై-పోషన్లు మాత్రమే ఉంచండి. ఆటో-పోషన్ పనిచేసే అవకాశం రాంజా బ్రేవరీ (ధైర్యం చెప్పే అంకె) ఎంతుంటే అంత శాతం. స్టీల్ (ఉక్కు అనే అర్థంలో Steel, థీఫ్ చేసే దొంగతనం కాదు) అనే రాంజా విద్యతో బ్రేవరీ పెంచితే అందులో నాలుగో వంతు శాశ్వతంగా నిలుస్తుంది. ముందున్న పోరాటాల్లోనే ఇది చేసుకుంటూ రావాలి.

పోరు మొదలవగానే దూరంగా జరిగి టెయిల్‌విండ్ వేస్తూ ఉండండి. దెబ్బ తగిలినప్పుడల్లా హై-పోషన్ దానంతటదే పడుతుంది. వీగ్రాఫ్ వంతు ఒకటి వచ్చేలోగా రాంజాకి రెండు మూడు వంతులు వచ్చేదాకా కొట్టకండి. ఆ తర్వాత తిరిగి కొడితే వాడు నిలవలేడు. వీగ్రాఫ్ పడగానే బెలియాస్ అనే రాక్షసుడిగా మారతాడు, మీ జట్టు లోపలికొస్తుంది. మధ్యలో సేవ్ ఉండదు. అప్పటికి రాంజా వేగం పెరిగి ఉంటుంది కాబట్టి మిగతా పని తేలికవుతుంది.

మూడోది కోట పైకప్పు మీద. మీ పక్షాన ఉండే రాఫా అనే అమ్మాయి బతికి ఉండాలి, కానీ ఆమె మీ మాట వినదు, తనంతట తాను శత్రువుల ముందుకే వెళ్తుంది. శత్రువులైన ఎల్మ్‌డోర్, సెలియా, లెట్టీ ముగ్గురినీ చంపనక్కర్లేదు, ఒక్కరి హెచ్‌పీ (ప్రాణబలం) ప్రమాద స్థాయికి పడితే చాలు. వేగమే ముఖ్యం కాబట్టి నింజాలను పంపండి. ఆర్చర్ 4, థీఫ్ 5, జియోమాన్సర్ 2 అయితే నింజా వస్తుంది. జియోమాన్సర్‌కి మాంక్ 4 కావాలి. ఈ లెక్క రెండో అధ్యాయంలోనే మొదలుపెడితేనే ఇక్కడికి అందుతుంది. అందరూ సెలియా మీదో లెట్టీ మీదో ఒక్కరి మీదే పడండి. రాఫా మొదటి వంతులోనే చనిపోతే మళ్లీ లోడ్ చేయండి. అదృష్టం పాలు ఇక్కడ నిజంగానే ఉంది.

నాలుగో అధ్యాయం చివర ఓర్బోన్ ఆశ్రమంలోకి దిగాక కూడా ఇలాగే వెనక్కి దారి ఉండదు. లోతైన గుహ మిడ్‌లైట్స్ డీప్, డార్క్ నైట్ లాంటి మిగిలిన పనులన్నీ ముగించి, అక్కడా వేరే స్లాట్‌లో సేవ్ చేసుకునే దిగండి.