కణితి ఎలుకల పనికి ముందు: కణాల సీసానూ క్వారంటైన్‌లో పెట్టండి

గత నెల నాకు తెలిసిన ఒక యానిమల్ హౌస్‌లో (ప్రయోగాల కోసం జంతువులను ఉంచే చోట) రెండు గదుల చిట్టెలుకలను ఒక్క వారంలో చంపి కాల్చివేయవలసి వచ్చింది. ఆ ఎలుకలన్నీ పరీక్షించి తెచ్చినవే. వైరస్ మాత్రం మరో ప్రయోగశాలవారు ఇచ్చిన కణితి కణాల సీసాలో వచ్చింది. కొత్త పరిశోధక విద్యార్థులు పనిలో చేరే రోజులు కాబట్టి ఇది రాస్తున్నాను. గ్లవ్స్, మాస్కు సంగతి శిక్షణలో చెబుతారు.

ఎందరినో ముంచిన పొరపాటు ఒక్కటే: ఎలుకను క్వారంటైన్‌లో ఉంచి, సీసాను నేరుగా లోపలికి తీసుకుపోవడం. 1989లో అమెరికాలోని ఒక క్యాన్సర్ పరిశోధన సంస్థలో, లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ అనే ఎలుక వైరస్ సోకిన కణితి కణాలను న్యూడ్ చిట్టెలుకలకు (వెంట్రుకలు లేని, రోగనిరోధక శక్తి తక్కువైన రకం) ఎక్కించగా, వాటితో పనిచేసిన సిబ్బందికే ఆ వైరస్ సోకింది. ఈ వైరస్ తాను చేరిన కణాలను చంపదు కాబట్టి మైక్రోస్కోపు కింద అవి చక్కగానే పెరుగుతున్నట్టు కనిపిస్తాయి; కళ్లతో చూసి నమ్మడం ఇక్కడ పనికిరాదు. ఎలుక వైరస్‌లకు పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించనిదే సీసాను లోపలికి రానివ్వకండి.

ఈనిన ఎలుకల గదిని మరీ జాగ్రత్తగా చూడాలి. పాలియోమా అనే ఎలుక వైరస్, పిల్లలకు అవి పుట్టిన తొలి గంటల్లో సోకితేనే ఎక్కువగా కణితులు తెస్తుంది. పెద్దవాటిలో ఏ లక్షణమూ కనిపించకపోయినా మూత్రం ద్వారా బయటికి వస్తుంది. ఎలుకల రొమ్ము కణితి వైరస్ తల్లిపాలలో సంక్రమిస్తుందని అమెరికా శాస్త్రవేత్త బిట్నర్ 1936లోనే చూపాడు. అందువల్ల రోజూ ముందుగా పిల్లల గది, చివరగా వైరస్ ఎక్కించిన గది చూడండి, వెనక్కి తిరిగి రాకండి.

హామ్‌స్టర్లు (ఎలుకల వంటి చిన్న జంతువులు) ఉంటే, పాలియోమా జాతి కణితుల కోసం వాటి పొట్టను వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. బఠాణీ గింజంత గట్టి గడ్డ తగిలితే ఆ గదికి అప్పుడే తాళం వేయండి. పాలియోమా జాతి వైరస్‌లకు కొవ్వు పొర ఉండదు, వాటి మీద ఆల్కహాలు తుడుపును నమ్మకండి, తాజాగా కలిపిన బ్లీచ్ వాడండి. బెడ్డింగును (ఎలుకల కింద పరిచే పొట్టును) 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేయకుండా, అంటే ఒత్తిడిలోని ఆవిరితో శుద్ధి చేయకుండా బయటికి పంపకండి. వాడిన సూదికి మూత పెట్టకండి. గర్భిణులను ఈ పనికి పంపకండి, ఆ కోరియోమెనింజైటిస్ వైరస్ కడుపులోని బిడ్డ మెదడును, కళ్లను దెబ్బతీస్తుంది. చచ్చిన ఎలుకను కోసి చూడకుండా పారేయకండి. పనిచేసేవారికి జ్వరం, తలనొప్పి వస్తే ఎలుకలతో పని చేస్తున్నట్టు వైద్యునికి తప్పక చెప్పించండి. స్నేహితుడు పంపినా, పాత గురువుగారు పంపినా సీసా సీసాయే; పీసీఆర్ ఫలితం చేతికి రానిదే అందులోని గడ్డకట్టించిన కణాలను కరిగించకండి.