పచ్చికను బాగుచేసే ముందు జాగ్రత్తలు

విత్తనాల ప్యాకెట్ కొనే ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి. నీళ్లు నిలిచే చోట వేర్లకు గాలి అందదు, ఎన్నిసార్లు నాటినా గడ్డి మళ్లీ పలచబడుతుంది.

• తవ్వే ముందు కరెంటు కేబుళ్లు, పైపులు ఎటు పోతున్నాయో కనుక్కోండి.

• అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి చూడండి. గంటకు కనీసం 2.5 సెంటీమీటర్లు దిగాలి. అంతకన్నా బాగా తక్కువైతే ముందు కాలువో, వాలో సరిచేయాలి. వాలు ఇంటి గోడ వైపు మాత్రం ఉండకూడదు.

• తడి నేలను తొక్కొద్దు, అడుగు పడిన చోటల్లా మట్టి గట్టిపడుతుంది. గుప్పెడు మట్టి పిసకండి. ఉండను వేలితో నొక్కితే పొడిగా విడిపోతే పని మొదలెట్టొచ్చు. మైనంలా సాగితే ఇంకో రెండు రోజులు ఆగండి.

• బంకమట్టిలో నాలుగు బుట్టల ఇసుక కలిపేస్తే సరిపోతుందనుకోకండి. చాలామంది చేసే తప్పే ఇది! కొద్దిపాటి ఇసుకతో బంకమట్టి ఇటుకలా బిగుసుకుంటుంది. బాగా మాగిన కంపోస్టే నయం.

• గట్టిపడిన నేలలోకి గాలి, నీళ్లు దిగేలా రంధ్రాలు చేయడానికి మట్టిని ముక్కలుగా బయటికి లాగే బోలు గొట్టాల పరికరం వాడండి. అడుగున మేకులుండే చెప్పులు సరదాకే, పక్క మట్టిని ఇంకా నొక్కేస్తాయి.

• కలుపుమందు కొట్టి ఉంటే, లేబుల్ మీద చెప్పినన్ని రోజులు ఆగాకే విత్తనాలు చల్లండి.

• రోజంతా నీడ ఉండే మూలలో గడ్డి కోసం టెన్షన్ పడొద్దు, అక్కడ వేరే మొక్కలు పెట్టుకోండి.