ఎవరికి రాస్తున్నారో ముందు తేల్చుకోండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువారికి ఏదైనా రాసేటప్పుడు ‘అందరికీ’ అనుకోకండి. ఒక్కరిని ఎంచుకోండి. ఉదాహరణకు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న గృహిణి. 1936లో ఏర్పడిన ఒడిశాలో ఈ ఊళ్లు చేరాయి కనుక అలాంటివారు ఇక్కడ చాలామందే. ఆమెకు తెలుగు చక్కగా అర్థమవుతుంది, చదవడమే నెమ్మది. కాబట్టి పొడవాటి సమాసాలు వద్దు (పండితులు అలిగితే అలగనివ్వండి). పింఛను గురించి రాస్తూ మండల కార్యాలయానికి పంపకండి. ఒడిశాలో మండలాలు లేవు, ఆమె వెళ్లేది పల్లెలో అయితే బ్లాక్ ఆఫీసుకు, పట్నంలో అయితే మునిసిపల్ ఆఫీసుకు. ఆమెకు కావలసింది ఏ కాగితాలు, ఎక్కడ, ఎంత ఖర్చు అన్నదే. అవి మొదటి పేరాలోనే ఉండాలి. పథకం చరిత్ర చివర్లో, అదీ చోటుంటే. రాశాక అలాంటి ఒకరితో పైకి చదివించండి. తడబడిన చోటల్లా వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి.